రాజలింగం కట్టుకున్న టోగా

1984 అక్టోబరు మొదటి వారంలో నాకు ఆ పని అప్పగించారు. అప్పటికి నేను బహ్రెయిన్ వచ్చి ఐదేళ్లయింది. మనామా బజారు వెనక సందులో, యూనిఫారాలు కుట్టే ఒక వర్క్‌షాపులో కటింగ్ మాస్టర్‌గా ఉండేవాణ్ణి. మా వృత్తిలో అంతస్తులు స్పష్టంగా ఉంటాయి. మిషన్ మీద కూర్చునేవాడు టైలరు. బట్ట మీద గీత గీసి కత్తెర పెట్టేవాడు మాస్టరు. కాజాలు, బొత్తాలు, ఇస్త్రీ చూసేవాళ్లు ఆ తర్వాత. మాస్టరు మిషన్ మీద కూర్చోడు, మెడలో టేపు తీయడు. మెడలో టేపు ఉన్నవాణ్ణి పేరుతో పిలిచే అలవాటు కూడా లేదు. తెనాలి దగ్గర నన్ను దావీదు అనేవాళ్లు. మనామాలో పదమూడేళ్లూ నేను వట్టి మాస్టర్‌నే.

మా ప్రధానమైన పని కవరాల్స్. చొక్కా, ప్యాంటూ కలిపి ఒకటే బట్టగా కుట్టే పని దుస్తులు. కాంట్రాక్టు కంపెనీలు వందల లెక్కన ఆర్డరిచ్చేవి. కూలీలకు నీలం, ఫోర్‌మన్లకు ఖాకీ, ఇంజనీర్లకు తెలుపు. ఎండలో అర కిలోమీటరు దూరాన్నించి కూడా ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో పోల్చుకోవచ్చు. ఏడాదికి రెండుసార్లు నేను క్యాంపులకు వెళ్లి కొలతలు తీసుకునేవాణ్ణి. కొలతల పుస్తకంలో పేరు ఉండదు. బ్యాడ్జి నంబరు, ఛాతీ, పొడుగు, కాలు, అంతే. రంగులు ఎందుకన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. కట్టలు విడదీయడానికి తేలిగ్గా ఉండేది కాబట్టి మంచిదే అనుకునేవాణ్ణి.

ఆ అక్టోబరులో అవాలీ అనే చమురు కంపెనీ కాలనీలో ఉండే ఇంగ్లీషువాళ్ల నాటక బృందం ఒకటి రోమన్ సెనేటు గురించి ఒక నాటకం వేయాలనుకుంది. దుస్తులు మా దగ్గర కుట్టించమని చెప్పినవాడు మిస్టర్ హార్డ్‌విక్. ఒక పైపులైను కాంట్రాక్టు కంపెనీకి మేనేజరు. మా కవరాల్స్‌లో సగం ఆయన కంపెనీవే. నాటకంలో ఆయనది కాన్సల్ వేషం, అంటే రోములో అందరికన్నా పెద్ద అధికారి. మా యజమాని అబూ సాలెహ్ నన్ను పిలిచి, ఈ పని బాగా రావాలనీ, కొత్త సంవత్సరం యూనిఫారాల ఆర్డరు ఇంకా సంతకం కాలేదనీ చెప్పాడు. అంతకుమించి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

కొలతలూ బొమ్మలూ పట్టుకొచ్చింది మిసెస్ పామర్ అనే ఆవిడ. అరవై ఏళ్లుంటాయి. వాళ్ల దేశంలో గ్రీకు, రోమన్ చరిత్ర చెప్పిన పంతులమ్మ. భర్త ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చింది. కటింగ్ టేబులు మీద బొమ్మలు పరిచి, నాకు అర్థమయ్యే ఇంగ్లీషులో నిదానంగా చెప్పేది. గ్రీకులకు కత్తెరతో పనే లేదట. మగ్గం మీంచి దిగిన బట్టను దిగినట్టే చుట్టుకుని, భుజం దగ్గర పిన్నులు పెట్టుకునేవారట. నాలుగు మూలల బట్టే గొప్పవాడికీ, పేదవాడికీ. తేడా నూలు సన్నదనంలో, రంగులో, నేల దాకా జారే పొడుగులో. కష్టం చేసేవాడు పొట్టి బట్ట కట్టి, కుడి భుజం వదిలేసేవాడు, చెయ్యి ఆడాలి కదా. రోమన్ల టోగా వేరు. దానికి ఒక అంచు తిన్నగా, ఇంకో అంచు అర్ధచంద్రంలా ఉంటుంది. పొడుగు దాదాపు ఆరు గజాలు. దాన్ని రోమన్ పౌరుడే కట్టాలి. పరదేశి కట్టకూడదు, బానిస కట్టకూడదు. పెద్ద అధికారి అయితే అంచుకు ఊదా పట్టీ. లోపలి చొక్కాకు సెనేటరుకైతే వెడల్పు చార, అతని కింది తరగతివాడికైతే సన్న చార.

ఆవిడ చెబుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మా పల్లెలో ఆయన కండువా భుజం మీద వేసుకుని తిరిగేవాడు. ఊళ్లోకి అడుగుపెట్టే చోట తీసి నడుముకు చుట్టుకునేవాడు. ఎవరూ తీయమని చెప్పేవాళ్లు కాదు, ఆయన చేతులే ఆ పని చేసేవి. మిసెస్ పామర్‌కు ఆ సంగతి చెప్పాను. ఆవిడ పెన్సిల్ కింద పెట్టి, ఎంతవరకు చుట్టుకునేవాడని అడిగింది. నేను చూపించాను. తన నోటుపుస్తకంలో రాసుకుంది.

మొదటి టోగా నేను పాలియెస్టర్ క్రేపుతో కత్తిరించాను. తెల్లగా నిగనిగలాడింది గానీ భుజం మీద నిలవలేదు. నాలుగడుగులు వేసేసరికి పాము కుబుసంలా కిందికి జారిపోయింది. పరిష్కారం చూపినవాడు మా ఇస్త్రీ గంగారాం. సిరిసిల్ల వైపు సాలె కుటుంబం. మగ్గం గుంటలోంచి లేచి బొంబాయి, బొంబాయి నుంచి ఇక్కడికి. బట్టను రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“జారేదాన్ని తెచ్చి ఆగుమంటే ఆగుతదా మాస్టర్? బరువున్నది దేవాలె. ఊలు గలిసింది. నీళ్లు జల్లి మడతలు ముందే కూసోబెడత, భుజం మీద అవే ఆగుతయి.”

ఊలు కలిసిన దుప్పటి బట్ట తెప్పించాం. పన్నా, అంటే బట్ట వెడల్పు, చాలక నడుమ అతుకు వేయాల్సి వచ్చింది. ఆ అతుకును మడత లోపలికి దాచేలా గీత గీయడానికి నాకు రెండు రోజులు పట్టింది. నా మొత్తం సర్వీసులో నేను గర్వపడే నాలుగైదు కత్తిరింపుల్లో అదొకటి. రోములో కూడా టోగాను ముందు రోజే మడతలు పెట్టి ఉంచేవారనీ, ఒంటరిగా కట్టుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదనీ, కట్టేందుకు ఒక బానిస ఉండేవాడనీ మిసెస్ పామర్ చెప్పింది. ఆవిడ చెప్పిందల్లా నేను గంగారాంకు తెలుగులో చెప్పేవాణ్ణి. అతను ఇస్త్రీ పెట్టె ఆపకుండా వినేవాడు.

బానిసల దుస్తులకు వచ్చేసరికి, వాటికి గుర్తు ఏమిటని అడిగాను. రంగా, చారా? మా పనిలో అది లేకుండా ఏ బట్టా బయటికి పోదు. ఆవిడ ఏ గుర్తూ లేదంది. ఒకప్పుడు బానిసలందరికీ వేరే దుస్తులు పెడదామని సెనేటులోనే మాట వచ్చిందట. తర్వాత భయపడి వదిలేశారట. అందరూ ఒకే రకం బట్టల్లో కనిపిస్తే, తాము ఎంతమందిమో బానిసలకు తెలిసిపోతుందని. పేదవాడూ బానిసా అదే ముతక చొక్కా తొడుక్కునేవారు, మోకాలి దాకా, తోలు నడికట్టుతో. ఆరు చొక్కాలు రాసుకున్నాను. ఆ రోజు సాయంత్రం నీలం కవరాల్స్ కట్టలు లెక్కపెడుతూ రెండుసార్లు తప్పాను.

ఆ ఆరు చొక్కాలు తొడుక్కునే మనుషుల్ని హార్డ్‌విక్ తన క్యాంపు నుంచి పంపిస్తానన్నాడు. మాటలు లేని వేషాలు. పళ్లేలు పట్టుకుని నిలబడాలి. వాళ్లయితే వేషం వేయకుండానే సరిపోతారని నవ్వుతూ అన్నాడు. కొలతలు తీసుకోవడానికి నేను క్యాంపుకు వెళ్లాను. అప్పుడే కడుతున్న హమద్ టౌన్‌కు అవతల, ఇసుకలో రేకుల షెడ్లు. ఆరుగురిలో నలుగురు మన తెలుగువాళ్లు, జగిత్యాల చుట్టుపక్కలవాళ్లు. డ్రామాలో ఏం వేషమని అడిగారు. రాజుగారి దగ్గర పాలేర్లు అని చెప్పాను. డ్యూటీ ఉండదు, బిర్యానీ పెడతారు అని కూడా చెప్పాను. సంతోషించారు.

మర్నాడు గంగారాం ఇస్త్రీ పెట్టె నిలబెట్టి అడిగాడు.

“మాస్టర్, మీరు క్యాంపుల పాలేర్లని జెప్పిన్రట. మేడం జెప్పింది అంగట్ల అమ్ముకునే మనుషులని గదా. రెండు ఒక్కటేనా?”

డ్రామాయే కదా అన్నాను.

“మీకు డ్రామా. వాళ్లు ఫోటువలు దిగుతరు, ఇండ్లకు పంపుతరు. గక్కడ ఎవడన్న సదువుకున్నోడు సూసి, ఇగో వీడు బానిస ఏషం గట్టిండంటే?”

నాకు కోపం వచ్చింది. అతను చెప్పింది సరైనది కావడమే దానికి కారణం. ఆర్డరు సంతకం కాలేదు, యజమాని హెచ్చరించాడు, ఆరుగురూ ఒప్పుకున్నారు. ఇంత సర్దుకున్న పనిని కదపడం ఎందుకని రెండు రోజులు ఊరుకున్నాను. శుక్రవారం ఉదయం మా తెలుగు సహవాసం కూటానికి వెళ్లాను. ప్రార్థనలో మనసు నిలవలేదు. అక్కణ్ణించే టాక్సీ పట్టుకుని క్యాంపుకు వెళ్లాను.

సెలవు రోజు కాబట్టి బట్టలు ఉతుక్కుంటున్నారు. ఆరుగుర్నీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పాలేర్లు కాదు, బానిసలు. మొదట అబద్ధం చెప్పినందుకు తప్పు నాదేనన్నాను. ఇద్దరు బీహారీలు భుజాలెగరేశారు, వాళ్లకు బిర్యానీ ముఖ్యం. తెలుగువాళ్లు రాజలింగం వైపు చూశారు. ముప్ఫై ఐదేళ్ల మనిషి, వెల్డింగులో హెల్పరు, మాట నెమ్మది.

“ముందుగాల్నే జెప్తే అయిపోవు గద మాస్టర్,” అన్నాడు. “నాకు ఇద్దరు ఆడపిల్లలు. దుబాయిల మా నాయిన గొప్పగున్నడని బడిల జెప్పుకుంటరు. పోయినేడు స్టూడియోల కోటేసుకొని దిగిన. వెనుకకెల్లి క్లిప్పులు వెట్టి బిగిచ్చిండు, గది ఫోటువల కానరాదు. గా ఫోటువ గోడకున్నది. దాని పక్కకు దీన్ని వెట్టుమంటవా?”

వద్దంటే మానేయమన్నాను, నేను సర్ది చెప్పుకుంటానన్నాను. అతను ఇంకో మాట అడిగాడు. పెద్దోళ్లు కట్టుకునే తెల్ల బట్టలు కూడా మీరే కుడుతున్నరట గదా, అది కట్టుకుని ఒక్క ఫోటో దిగనిస్తే, డ్రామాలో ఏ వేషమైనా వేస్తానన్నాడు. మిగతావాళ్లూ తల ఊపారు.

నేను మిసెస్ పామర్‌ను అడిగాను. ఆవిడ ఇట్టే ఒప్పుకుంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. రోములో సమాధి రాళ్ల మీద టోగాలతో చెక్కించుకున్నవారిలో చాలామంది విడుదలైన బానిసలేనట. పుట్టుకతో పౌరుడైనవాడు ఆ బరువు బట్టను తప్పించుకుని తిరిగేవాడట. కొత్తగా హక్కు వచ్చినవాడు మాత్రం, భార్యనూ పిల్లలనూ పక్కన నిలబెట్టుకుని, ఒక్కో మడతా కనపడేలా రాతిలో చెక్కించుకునేవాడట.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం ఆరుగుర్నీ వర్క్‌షాపుకు రమ్మన్నాం. బాబ్ అల్ బహ్రెయిన్ దగ్గర స్టూడియో పెట్టుకున్న కోయా అనే మలయాళీ కెమెరా తెచ్చాడు. కటింగ్ టేబులు జరిపి, గోడకు తెల్ల లంకలాటు గుడ్డ కట్టాం. గంగారాం ఒక్కొక్కరికీ టోగా కడుతున్నాడు. సిద్ధమైన టోగాల్లో రాజలింగానికి పొడుగు సరిపోయింది ఒకటే. ఊదా అంచుది, కాన్సల్‌ది. రాజలింగం చేతులు చాచి బిగుసుకుపోయి నిలబడ్డాడు. గంగారాం ఎడమ భుజం మీంచి బట్ట వదిలి, వీపు చుట్టూ తిప్పి, కుడి చంక కిందనుంచి లాగి, మళ్లీ ఎడమ భుజం మీద వేశాడు. ఎడమ చెయ్యి మడతల్లో ఇరుక్కుంది. రాజలింగం దాన్ని కదపబోయాడు.

“దీనితోని పని జెయ్యరాదు గద మాస్టర్.”

“పని చేసే అవసరం లేదని చూపించడానికే కట్టుకునేది,” అన్నాను.

అతను ఆ చెయ్యి కదపడం మానేశాడు. గడ్డం కొద్దిగా పైకెత్తాడు. ఐదేళ్లుగా ఆ మనిషి ఛాతీ కొలత నా పుస్తకంలో ఉంది, ముప్ఫై ఆరు. అంత వెడల్పు మనిషని నాకు అప్పటిదాకా తెలియదు. కోయా ఫోటో తీశాడు. ఇంకోటి తీయబోతుంటే తలుపు తెరుచుకుంది. హార్డ్‌విక్ వచ్చాడు. మర్నాటి ఫిట్టింగు ఇవాళే చూసుకుందామని దారిలో ఆగాడట.

ఆయన అరవలేదు. అది నా టోగా కాదూ అని అడిగాడు. అవునన్నాను. ఇతను మా మనిషి కాదూ అన్నాడు. దానికీ అవునన్నాను. గంగారాం గబగబా విప్పబోతుంటే నేను ఆపాను. లాగితే మడతలు చెడతాయి. ఆ నిమిషంలో నేను ఆలోచించింది ఆ మడతల గురించే అంటే ఎవరూ నమ్మరు. హార్డ్‌విక్ అందరి ముఖాలూ ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

శనివారం ఉదయం అబూ సాలెహ్ నన్ను తన గదికి పిలిచాడు. హార్డ్‌విక్ మూడు కోరాడు. ఆ టోగా వద్దు, కొత్తది కుట్టాలి. ఆ ఆరుగురూ నాటకంలో ఉండకూడదు. ఆ రోజు తన టోగా కట్టుకున్న మనిషి బ్యాడ్జి నంబరు కావాలి. కంపెనీలోని వందల మందిలో ముఖం చూసి మనిషిని పోల్చుకునే అలవాటు ఆయనకు లేదు. మొదటి రెండూ తీరేవే. మూడోదానికి అర్థం నాకు తెలుసు. నంబరు ఆయనకు పోతే మనిషి పోతాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒక్క సంతకం పెడితే చాలు, వారంలో విమానం ఎక్కిస్తారు.

“మాస్టర్, కితాబ్ లావ్,” అన్నాడు అబూ సాలెహ్.

కొలతల పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టాను. నంబరు అందులోనే ఉందనీ, నేను మాత్రం చూపించననీ చెప్పాను. వాళ్లను పిలిచింది నేను, కట్టించింది నేను, పేరు కావాలంటే నా పేరు రాయమన్నాను. హిందీ, ఉర్దూ కలిపి మాట్లాడే మా గల్ఫు భాషలో అంతవరకు ఎలాగో చెప్పగలిగాను. ఇంట్లో నా భార్యకు ఆరో నెల.

అబూ సాలెహ్ పుస్తకం తెరవలేదు. దాని అట్ట మీద చెయ్యి పెట్టాడు. పండుగలకూ పెద్దల ఇళ్ల పెళ్లిళ్లకూ ఆయన జరీ అంచు బిష్త్ వేసుకునేవాడు. కాళ్ల దాకా ఉండే తెల్ల థోబ్ మీద వేసుకునే పల్చటి నల్లని అంగీ అది. ఆ రోజు అది కుర్చీకి తగిలించి ఉంది. దాన్ని చూపించి, వాళ్ల నాన్న ముత్యాల పడవల్లో మునిగేవాడనీ, బతికినంతకాలం ఇది భుజం మీద వేసుకోలేదనీ చెప్పాడు. తర్వాత గొంతు మార్చాడు. ఒక గిరాకీదారుడి బట్ట ఇంకొకడి ఒంటి మీద పెట్టడం ఈ షాపులో మళ్లీ జరగకూడదు. ఇకమీదట క్యాంపు కొలతలకు నువ్వు వెళ్లొద్దు, రెండో మాస్టరు వెళ్తాడు. “ఖలాస్,” అన్నాడు.

మనిషి ఎవరో మాస్టరుకు గుర్తులేదని హార్డ్‌విక్‌కు కబురు పంపాడని తర్వాత తెలిసింది. ఆయన నమ్మి ఉండడు. కానీ నాటకం పది రోజుల్లో ఉంది, టోగా ఇంకో షాపులో ఎవరికీ రాదు.

కొత్త టోగా నాలుగు రోజుల్లో ఇచ్చాం. బానిసల వేషాలు ఆ బృందంలోని ఇంగ్లీషువాళ్ల కొడుకులు వేశారు. నాటకం రోజు నేనూ గంగారాం అవాలీకి వెళ్లాం, తెర వెనక తొమ్మిది మంది సెనేటర్లకు బట్ట కట్టడానికి. హార్డ్‌విక్ చేతులు చాచి నిలబడ్డాడు. గంగారాం అతని చుట్టూ తిరిగి కట్టాడు. మడత ఆఖరిదాకా నిలిచింది. మిసెస్ పామర్ ఆ ముతక చొక్కాల కుర్రాళ్లను చూసి నావైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. యూనిఫారాల ఆర్డరు జనవరిలో సంతకమైంది, మునుపటికంటే కొంచెం తక్కువ కవరాల్స్‌తో.

పాత టోగా మా దగ్గరే మిగిలింది. దాన్ని ముక్కలు చేయడానికి నాకు మనసొప్పలేదు. కోయా అడిగి తీసుకెళ్లాడు. ఆ తర్వాత రెండేళ్లపాటు అతని స్టూడియోలో కోట్ల పక్కన అది వేలాడేది. ఎవరైనా అడిగితే గంగారాం సాయంత్రం వెళ్లి కట్టి వచ్చేవాడు. జగిత్యాల, ఆర్మూరు, మెట్‌పల్లి ఇళ్లల్లో ఊదా అంచు టోగాలతో ఎంతమంది గోడలెక్కారో నేను చెప్పలేను. అది బహ్రెయిన్ రాజు దర్బారు దుస్తులని కొందరు ఉత్తరాల్లో రాశారట. మేము ఎవరినీ సరిదిద్దలేదు.

రాజలింగం తన ఫోటో మూడు కాపీలు తీయించుకున్నాడు. ఇంటి నుంచి వచ్చిన జవాబు గంగారాంకు చదివి వినిపించాడట. పెళ్లినాడు కూడా ఇంత కళగా లేవు, ఈ బట్ట వచ్చేటప్పుడు తీసుకురా అని భార్య రాయించిందట. అతను ఇంకో నాలుగేళ్లు అదే కంపెనీలో పనిచేశాడు. నేను మళ్లీ ఆ క్యాంపు గడప తొక్కలేదు. అందువల్ల అతన్ని బజారులో రెండు మూడుసార్లు చూశానంతే. ప్రతిసారీ టీ ఇప్పించాడు.

1992లో తిరిగొచ్చి, విజయవాడలో ఒక రెడీమేడ్ యూనిట్లో కటింగ్ విభాగం చూసి రిటైరయ్యాను. ఇప్పటికీ శాలువా భుజం మీద వేసుకున్నప్పుడు కుడి చంక కిందనుంచి లాగి చూసుకుంటాను. ఆరు గజాల ఊలు బరువు దానికి రాదు.

ఆ వ్యవహారం నాకు నేర్పింది వృత్తికి సంబంధించినదే. కొలత సరిగ్గా ఉంటే బట్ట సరిపోతుందని ఐదేళ్లు నమ్మాను. ఆ బట్టలో తాను ఎవరుగా నిలబడబోతున్నాడో మనిషికి టేపు వేయకముందే చెప్పాలి. ఆ తర్వాత అలాగే చెప్పాను. కొందరు వద్దన్నారు. వాళ్ల కొలతలు రాసుకోలేదు.